గోధుమ, పాలు, పంచదార లేని చిరుతిండి: ఇంట్లోనే చోడి బిస్కెట్లు

బిడ్డకు గోధుమ పడదు, పాలు పడవు అని డాక్టరు గారు చెప్పిన రోజున తల్లి మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మరి బడికి ఏం కట్టి పంపాలమ్మా?" బజారులో ఏ బిస్కెట్ ప్యాకెట్టు తిరగేసినా మైదా, పంచదార, పాలపొడి కనబడతాయి. రాగి బిస్కెట్లు అని పైన పెద్ద అక్షరాలతో ఉన్నా, వెనక చిన్న అక్షరాల్లో మొదటి పేరు చాలాసార్లు గోధుమ పిండిదే. ఈ పాఠంలో ముందు ఎవరు ఏది మానాలో తెలుసుకుని, తరువాత ఓవెన్ లేకుండా బిస్కెట్లు కాల్చే పద్ధతి చూద్దాం.

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు. చపాతీ ముద్ద సాగేది దానివల్లే. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గ్లూటెన్ లోపలికి వెళ్ళగానే శరీర రక్షణ వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బ తీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. అందరికీ విరేచనాలే అవుతాయనుకోకండి. కొందరిలో ఎదుగుదల ఆగిపోవడం, నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా రక్తహీనత తగ్గకపోవడం మాత్రమే కనబడుతుంది. నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు డికె గారికి గోధుమ మీద ముందే అనుమానం ఉండేది. 1944-45 కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు, రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ పడిపోయారు. 1950లో ఆయన దీని మీద పరిశోధన గ్రంథం వెలువరించారు.

మా వార్డుకు వచ్చిన ఒక కొండ ఊరి పాప సంగతి కూడా ఇలాంటిదే. హాస్టల్లో ఉన్నన్నాళ్ళు ఉప్మా, చపాతీ తిని పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలయ్యేవి. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళి చోడి అంబలి, సామల అన్నం తింటే తేరుకునేది. "ఇంటి తిండికి బాగుంటాది, అక్కడికెళ్తే పాడైపోతాది" అని తల్లి చెప్పింది. బెంగ వల్ల అని చుట్టుపక్కలవాళ్ళు కొట్టిపారేశారట. ఆ తల్లి బడి మెట్లెక్కలేదు గానీ డికె గారు చూసినదే ఆమె కూడా చూసింది. తల్లి మాటను నర్సులు కేసు షీటులో రాయాలని నేను అనేది ఇందుకే.

అయితే ఒక హెచ్చరిక. అనుమానం రాగానే గోధుమ మాన్పించేయకండి. గోధుమ తింటూ ఉండగానే రక్త పరీక్ష చేయాలి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరకకపోవచ్చు. నిర్ధారణ అయితే జీవితాంతం మానాలి కాబట్టి ఇది తేలికగా తీసుకునే నిర్ణయం కాదు.

పాల విషయంలో రెండు వేరు వేరు సంగతులున్నాయి. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరం, నీళ్ళ విరేచనాలు అయ్యేవారిలో చాలామందికి కొంచెం పెరుగు పడుతుంది. పాల మాంసకృత్తు పడనివారికి మాత్రం పెరుగు, మజ్జిగ, వెన్న ఏవీ వద్దు, నెయ్యి కూడా వద్దు. ఆవు పాలకు బదులు మేక పాలు పట్టడం పొరపాటు. రెండింటి మాంసకృత్తులూ దగ్గర పోలికలోనివే. చంటిబిడ్డకు తల్లిపాలు ఎవరి మాట విని కూడా ఆపవద్దు, డాక్టరు గారు తల్లి తిండినే మారుస్తారు.

పాలు మానితే కాల్షియం ఎలా? వంద గ్రాముల ఆవు పాలలో సుమారు 120 మిల్లీగ్రాములుంటే, వంద గ్రాముల చోళ్ళలో 340కి పైగా ఉంటుంది. అంతా ఒంటికి పట్టదు, మొలకెత్తించి ఎండబెడితే కొంత మెరుగు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం ఇనుము ఎక్కువగా ఉండే చోడి రకాన్ని తెచ్చి, మన ఏటి పేరే, వేగవతి అని పెట్టింది.

ఇక బిస్కెట్లు. చోడి పిండి 200 గ్రాములు సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి చల్లార్చండి. బియ్యప్పిండి 50 గ్రాములు, మెత్తగా దంచిన బెల్లం 100 గ్రాములు, శొంఠి పొడి, చిటికెడు ఉప్పు, పావు చెంచా తినే సోడా కలపండి. కొబ్బరి నూనె 80 గ్రాములు పోసి వేళ్ళతో నలపండి. గ్లూటెన్ లేదు కనుక ముద్ద పట్టదు, అందుకని బాగా మగ్గిన అరటిపండు సగం మెదిపి వేయండి. ఇంకా విరుగుతుంటే నీళ్ళు చెంచాతో చిలకరించండి. చిన్న బిళ్ళలుగా ఒత్తండి.

కాల్చడానికి మన పెద్దవాళ్ళు మినపరొట్టెకు కిందా పైనా నిప్పులు పెట్టేవారు, అదే మన ఓవెన్. ఆ రొట్టెలో గోధుమా లేదు, పాలూ లేవు, పంచదారా లేదు! ఇప్పుడు గ్యాసు పొయ్యి మీదైతే, పాత మందపాటి దాకలో అంగుళం మందాన పొడి ఇసుక పోసి, మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. లోపల చిన్న స్టాండు, దాని మీద నూనె రాసిన పళ్ళెం పెట్టి, సన్న సెగన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచండి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఆరాక గట్టిపడతాయి. ఉడకలేదని మళ్ళీ పెట్టి మాడ్చుకోకండి.

బెల్లం కూడా చక్కెరే. పంచదార కాదు కదా అని షుగరు వ్యాధి ఉన్న నాయనమ్మ గుప్పెడు తినకూడదు. పిల్లలకు రోజుకు రెండు, మూడు చాలు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు.

వంట ఎంత జాగ్రత్తగా చేసినా, పిండి మర దగ్గర చెడిపోవచ్చు. గోధుమలు ఆడిన మరలోనే చోళ్ళు ఆడితే ఆ పిండి కలుస్తుంది. తిరగలి ఉంటే ఇంట్లోనే విసురుకోండి. ఇంగువలో చాలా రకాలకు గోధుమ పిండో మైదానో కలుపుతారు. సేమియా, బొంబాయి రవ్వ గోధుమవే. రోగిని చూడడానికి వచ్చేవారు ప్రేమగా తెచ్చే బ్రెడ్డు, డబ్బా మాల్టు పొడి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ డబ్బా మాల్టు ఎక్కువగా బార్లీ, గోధుమలది. మనం చేసుకునే చోడి మాల్టు వేరు. జీడిపప్పు, వేరుశనగ, నువ్వులు కూడా కొందరికి పడవు, అందుకే పై కొలతల్లో వాటిని చేర్చలేదు.

ఏది తిన్నా వెంటనే పెదవులు వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, పిల్లికూతలు, ఆగని వాంతులు కనబడితే ఇంటి వైద్యంతో కాలం గడపకండి. 108కి ఫోను చేయండి. రోడ్డు లేని ఊరైతే డోలీ వెంటనే కట్టండి, అక్కడే తెల్లవారేదాకా చూద్దాం అనుకోవద్దు. తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మేలు.

హాస్టలుకు పంపేటప్పుడు బిస్కెట్లు తడిలేని మూత డబ్బాలో వేసి, వారానికి సరిపడా మాత్రమే పంపండి. డబ్బా మీద బిడ్డ పేరు, పడని వస్తువుల పేర్లు తెలుగులో పెద్దగా రాయండి. డాక్టరు గారి చీటీ ఒకటి వార్డెనుకు, ఒకటి వంటమనిషికి ఇవ్వండి. వంటమనిషికి చదువు రాకపోతే ఎదురుగా నిలబడి నోటితో చెప్పి రండి.