మొదటి సర్ఫ్‌బోర్డు ఏది కొనాలి?

ప్రశ్న: రుషికొండ బీచ్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. సొంత బోర్డు కొందామంటే పీయూ, ఎపాక్సీ, సాఫ్ట్‌టాప్ అని తలా ఒకటి చెబుతున్నారు. ఏది మన్నుతుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు సాఫ్ట్‌టాప్ చూడండి. పైన మెత్తటి ఫోమ్ ఉంటుంది కాబట్టి బోర్డు తగిలినా మీకూ పక్కవాళ్లకూ దెబ్బ తక్కువ. అల మీద చురుగ్గా తిరగదు, నిజమే. నేర్చుకునేవారికి ఆ చురుకుతో ఇంకా పనిలేదు.

పీయూ అంటే పాలీయురేథేన్ ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ పరిచి, సాధారణంగా పాలియెస్టర్ రెసిన్ పూసినది. గాలికి చెదిరిన నీటిలోనూ నిలకడగా సాగుతుంది, మరమ్మతు సులువు, ధర కూడా తరచుగా తక్కువే. కానీ మడమల ఒత్తిడికే సొట్టలు పడతాయి.

ఎపాక్సీ బోర్డుల్లో ఎక్కువగా ఉండేది ఈపీఎస్ ఫోమ్, మన థర్మోకోల్ జాతిదే. బరువు తక్కువ, బాగా తేలుతుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. చిల్లు పడితే మాత్రం నీళ్లు తాగేస్తుంది. వెంటనే ఒడ్డుకు రండి, పూర్తిగా ఆరాకే ఎపాక్సీతో అతికించండి. పొరపాటున పాలియెస్టర్ రెసిన్ పోశారో, అందులోని స్టైరీన్ ఫోమ్‌నే కరిగించేస్తుంది.

ఏ బోర్డునైనా ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, పైపొర ఊడొస్తుంది. గట్టి బోర్డును సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే పసుపు రంగుకు భయపడకండి. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయే చోట్లుంటే మాత్రం వద్దనండి.