తెలిసినంత మేర లోబడదాం

డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక మన తెలుగు సంఘాల్లో ఒక సందడి ఉంటుంది. పళ్ళెంలో వాగ్దానపు కార్డులు తెస్తారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి ఒకటి తీసుకుంటారు. ఆశీర్వదిస్తానని ఒకరికి, విడిచిపెట్టనని ఒకరికి, హెచ్చిస్తానని మరొకరికి వస్తుంది. కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు. కొందరు ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు. దేవుని మాటను ఏడాది పొడవునా కళ్ళముందు పెట్టుకోవాలన్న కోరిక మంచిదే. అయితే ఆ పళ్ళెంలో ఎప్పుడైనా, పగవాడితో సమాధానపడమనే కార్డు వచ్చిందా? కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యమనే కార్డు వచ్చిందా? ఆ మాటలూ అదే బైబిల్లో ఉన్నాయి. వాగ్దానాలను మాత్రం పంచుకుంటూ ఆజ్ఞలను పుస్తకంలోనే వదిలేస్తున్నాం.

దేవుణ్ణి నమ్ముతున్నారా అని అడిగితే విశ్వాసుల్లో కాదనేవారు ఉండరు. ఈ వారం ఏ విషయంలో ఆయన మాటకు లోబడ్డారు అని అడిగితే మాత్రం జవాబు వెంటనే రాదు. నమ్మకం వేరు, విధేయత వేరు అని మనసులో రెండు గదులు కట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రోజువారీ బతుకులో వాటిని విడదీయడం కుదరదు. మనం ఎక్కడ లోబడలేకపోతున్నామో, సరిగ్గా అక్కడే దేవుణ్ణి నమ్మలేకపోతున్నాం.

అవిధేయత అడుగున భయం

అబద్ధం ఆడకూడదని తెలియని క్రైస్తవుడు లేడు. అయినా దుకాణంలో తూకం తగ్గుతుంది, ఆఫీసులో దొంగ బిల్లు పెడతాం. ఎందుకు? నిజం మీద బతికితే ఇల్లు గడవదేమోనన్న భయం. క్షమించమన్న మాట చిన్నప్పుడు సండే స్కూల్లోనే నేర్చుకున్నాం. అయినా పొలం గట్టు తగాదాలో విడిపోయిన అన్నదమ్ములు ఒకే గుడిలో, చెరో వరసలో కూర్చుంటారు. క్షమిస్తే నాకు జరిగిన అన్యాయాన్ని ఇక ఎవరూ పట్టించుకోరేమోనన్న భయం. కొడుక్కి కట్నం తీసుకునే విశ్వాసి ఇంట్లో కుటుంబ ప్రార్థన జరుగుతూనే ఉంటుంది. అందరూ తీసుకుంటున్నప్పుడు మనం వదులుకుంటే లోకువైపోతామేమోనన్న భయం.

ఇలా చూసుకుంటే ప్రతి అవిధేయత కిందా ఒక భయం, ఆ భయం కింద ఒక అపనమ్మకం కనిపిస్తాయి. ఇశ్రాయేలీయుల మన్నా కథ ఇదే చెబుతుంది. అరణ్యంలో ఆకాశం నుంచి ఆహారం దిగింది. ఏ రోజుకు కావలసింది ఆ రోజే ఏరుకోండి, తెల్లారేదాకా మిగల్చకండి అన్నది ఆజ్ఞ. కొందరు దాచారు. అది పురుగు పట్టి కంపు కొట్టింది. వాళ్ళు మన్నాను తిని దేవుణ్ణి స్తుతించినవాళ్ళే. రేపు కూడా కురుస్తుందని మాత్రం నమ్మలేకపోయారు. నిన్నటి మేలుకు సాక్ష్యం చెప్పగలిగి, రేపటి విషయంలో గుప్పిట బిగించే మన స్వభావం అప్పటి నుంచీ ఉన్నదే.

అందుకే నాలో విశ్వాసం ఎంత ఉంది అని పొద్దస్తమానం మనసును తవ్వుకోనక్కర్లేదు. ఏ ఆజ్ఞ దగ్గర కాలు ఆగిపోతోందో చూసుకుంటే చాలు.

చిన్న పని దగ్గరే అహం

భయం ఒక అడ్డంకి అయితే అహం మరొకటి. సిరియా సైన్యాధిపతి నయమానుకు కుష్ఠు. అతడు వెండీ బంగారం బళ్ళకెత్తించుకుని, గుర్రాలతో రథాలతో ఎలీషా ఇంటి ముందు దిగాడు. ప్రవక్త బయటికి కూడా రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని మనిషి చేత కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. మా దమస్కులో ఇంతకంటే మంచి నదులు లేవా అని వెనక్కి తిరిగాడు. అతణ్ణి ఆపింది పనివాళ్ళు. ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవారు కదా, ఇంత తేలికైనదాన్ని ఎందుకు కాదంటున్నారు అని నచ్చజెప్పారు. అతడు దిగాడు, మునిగాడు, బాగుపడ్డాడు.

మనలోనూ నలభై రోజుల ఉపవాసానికి సిద్ధపడేవారు ఉన్నారు. భార్యతో విసుక్కోకుండా ఒక రోజు గడపమంటే మాత్రం కష్టం. సువార్త కోసం దూర దేశం వెళ్తానని ఏడ్చి ప్రార్థించే యువకుడు, మంచం పట్టిన తాతగారి దగ్గర అరగంట కూర్చోలేడు. పెద్ద పనికి చప్పట్లు ఉంటాయి. చిన్న పనిని చూసేవారు ఉండరు. అందుకే మన విధేయతకు అసలు పరీక్ష చిన్న పనిలోనే జరుగుతుంది.

మిజోరంలో క్రైస్తవ గృహిణులు వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవునికని పక్కకు తీస్తారు. 1910 ప్రాంతంలో మొదలైన ఈ అలవాటు అక్కడి సంఘాల సేవకు పెద్ద అండ అయింది. మన పల్లె సంఘాల్లోనూ పిడికెడు బియ్యం తీసిపెట్టిన అమ్మలు ఉన్నారు. వాళ్ళకు వేదిక లేదు, మైకు లేదు. పొయ్యి దగ్గర రోజూ చేసిన ఆ పనే వాళ్ళ వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దింది.

ఒంగోలు చెప్పే పాఠం

తెలుగు క్రైస్తవులు తమ ఇంటి చరిత్రగా చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1836లో మొదలుపెట్టిన తెలుగు మిషను చాలా ఏళ్ళు ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయింది. 1853లో దాన్ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు చర్చించుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనులో పనిచేస్తున్న లైమన్ జూవెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులోని ఒక కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. తర్వాత దానికి ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పేరు పడింది. వారు అడిగిన సేవకుడిగా వచ్చిన జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు గడిచాయి.

1876–78 మహా కరువులో క్లౌ ముందుకు ఒక క్లిష్ట పరిస్థితి వచ్చింది. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలాది మందికి కూలి పని ఇచ్చాడు. ఆ జనంలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. లెక్కలు పెంచుకోవాలనుకునే సేవకుడికి ఇంతకంటే అవకాశం దొరకదు. క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదు, వచ్చేవారు తెలిసి రావాలి అన్నది ఆయన పట్టుదల. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం తగ్గలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్యనే అందరూ చెప్పుకుంటారు. వ్యక్తిత్వాన్ని నేర్పేది మాత్రం దానికి ముందు గడిచిన ఏడాది. ఆకలితో ఉన్నవాడికి పని ఇవ్వాలని ఆయనకు తెలుసు, ఇచ్చాడు. వాడి ఆకలిని వాడుకోకూడదని తెలుసు, వాడుకోలేదు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు. ఫలితం దేవుని చేతిలో వదిలి, తెలిసిన మంచిని చేస్తూ పోవడమే ఆయన చేసిన పని.

నమ్మితే లెక్కలు మానేయాలా?

దేవుడు చూసుకుంటాడు అన్న మాట మన నోట రెండు రకాలుగా వస్తుంది. చేయవలసింది చేసినవాడి నోట అది విశ్వాసం. చేయవలసింది ఎగ్గొట్టినవాడి నోట అది సాకు.

బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ పేరు మన కూడికల్లో తరచుగా వినిపిస్తుంది. డబ్బు కావాలని మనుషుల్ని అడగకుండా, ప్రార్థన మీద ఆధారపడి ఆయన సుమారు పదివేల మంది పిల్లల్ని పెంచాడు. ముల్లర్ ప్రార్థన గురించి చెప్పే ప్రసంగికులు ఆయన ఖాతా పుస్తకాల గురించి అంతగా చెప్పరు. వచ్చిన ప్రతి కానుకనూ రాశాడు. ఏటా నివేదిక అచ్చు వేశాడు. అప్పు చేయకూడదని నియమం పెట్టుకున్నాడు. ఆయన విశ్వాసానికి మోకాళ్ళూ ఉన్నాయి, లెక్కల పుస్తకమూ ఉంది.

బైబిల్లోనూ ఇదే వరస. యెరూషలేము గోడ కడుతున్న నెహెమ్యా శత్రువుల బెదిరింపు విని ప్రార్థన చేశాడు, రాత్రింబగళ్ళు కావలీ పెట్టాడు. హిజ్కియా రాజు బాగుపడతాడని దేవుని మాట చెప్పిన యెషయాయే, పుండు మీద అంజూరపు ముద్ద కట్టమనీ చెప్పాడు. కాబట్టి షుగర్ మాత్రలు వేసుకుంటూ ప్రార్థన చేయడం విశ్వాసం తగ్గడం కాదు. పరీక్షకు చదివి ప్రార్థన చేయడం, అప్పు తీర్చడానికి ఖర్చు తగ్గించుకుని ప్రార్థన చేయడం కూడా అంతే.

ఎవరి మాటకు లోబడుతున్నాం?

విధేయత గొప్ప గుణమే. అందుకే దాన్ని దుర్వినియోగం చేసేవారూ ఉంటారు. దేవుడు నాతో చెప్పాడు అంటూ మీ పొలం అమ్మి కానుక ఇవ్వమనేవారు, మందులు మానేయమనేవారు, ఇంట్లో కొట్టే భర్తను మౌనంగా భరించమనేవారు కనిపిస్తారు. వారిని ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించినట్టు కాదు. బెరయ ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు. అందుకు బైబిలు వారిని తప్పుపట్టలేదు, మెచ్చుకుంది. సేవకుణ్ణి గౌరవిద్దాం. మనస్సాక్షిని మాత్రం ఎవరికీ తాకట్టు పెట్టవద్దు.

ఇంకో ప్రమాదం విధేయతను బేరంగా మార్చుకోవడం. దేన్నీ మిగల్చవద్దన్న ఆజ్ఞ ఉన్నా, సౌలు రాజు అమాలేకీయుల మందలో బలిసిన గొర్రెలను, ఎద్దులను మిగుల్చుకున్నాడు. ప్రవక్త సమూయేలు నిలదీస్తే, దేవునికి బలి ఇవ్వడానికే ఉంచామన్నాడు. తప్పుడు సంపాదనలో దశమ భాగం ఇచ్చి మనసు తేలిక చేసుకోవడం అదే దారి. లోబడితే ప్రమోషన్ వస్తుంది, వీసా వస్తుంది అనుకోవడమూ ఆ దారిలోదే. బబులోనులో రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కని షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి, దేవుడు మమ్మల్ని తప్పించగలడు, తప్పించకపోయినా ఈ ప్రతిమకు మొక్కం అన్న అర్థం వచ్చేలా రాజుకు బదులిచ్చారు. ఆ రెండో మాట అనగలిగిన రోజున మన నమ్మకానికి నిజమైన బలం వచ్చినట్టు. నిజాయతీగా ఉన్నందుకు బదిలీ కావచ్చు. కట్నం వద్దన్నందుకు చుట్టాలు నవ్వవచ్చు. అవి దేవుడు చెయ్యి వదిలేసిన గుర్తులు కావు.

ఈ వారం నుంచే

గట్టు మీద కూర్చుని నీళ్ళ మీద నమ్మకం కుదిరాక దిగుతాననేవాడికి ఈత రాదు. నమ్మకం పూర్తిగా వచ్చాక లోబడతాను అనుకోవద్దు. ఒక అడుగు లోబడితే తర్వాతి అడుగుకు కావలసిన నమ్మకం అందులోంచే పుడుతుంది.

పొద్దున్నే బైబిలు చదివేటప్పుడు వాగ్దానం కింద గీత గీసినట్టే ఆజ్ఞ కింద కూడా గీయండి. ఎన్ని అధ్యాయాలు పూర్తయ్యాయి అన్నదానికంటే, చదివిన దాంట్లో ఈ రోజు చేయదగింది ఏమిటి అన్నది చూడండి. ఒక్కటి చాలు. అది రాత్రిలోగా చేసేలా ఉండాలి. అందరినీ ప్రేమిస్తాను అనుకుంటే ఏ పనీ జరగదు. మూడేళ్ళుగా మాట్లాడని తమ్ముడికి సాయంత్రం ఫోన్ చేస్తాను అనుకుంటే జరుగుతుంది.

చేయలేకపోతే అక్కడ ఆగి, దేన్ని పోగొట్టుకుంటానని భయపడుతున్నాను అని అడగండి. జవాబును కాగితం మీద రాయండి. పరువా, డబ్బా, పంతమా? పేరు పెట్టగానే భయం సగం బలం కోల్పోతుంది. దాన్నే ప్రార్థనలో దేవుని ముందు పెట్టండి. నోరు జారని ఒక విశ్వాసిని ఎంచుకుని, ఆ సంగతి చెప్పి, వారం తర్వాత నన్ను అడుగు అనండి. తడబడిన రోజున మానేయకండి. తనను ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురునే యేసు మళ్ళీ పిలిచి, గొర్రెలను కాచే పని అప్పగించాడు.

పెళ్ళి, ఉద్యోగం, విదేశం వంటి పెద్ద నిర్ణయాల్లో దేవుని చిత్తం ఏమిటో తెలియలేదని చాలామంది దిగులు పడతారు. తెలియనిది తెలిసేదాకా చేయడానికి, ఇప్పటికే తెలిసినవి మన ముందు చాలానే ఉన్నాయి. రావలసిన కూలి కోసం ఎదురుచూస్తున్న మనిషి ఉన్నాడు, అడగవలసిన క్షమాపణ ఉంది, తిరిగి ఇవ్వవలసిన అప్పు ఉంది. వాటిలో ఒకదాన్ని ఈ రోజే ఎంచుకోండి. రేపటికి వాయిదా వేయకండి.