సెల్‌ఫోను చర్చలలో పొట్టి వ్రాతలు

మన సహకార సంఘములలో ననేకములు నేడు సభ్యుల నందరిని జేర్చి వాట్సాప్ బృందముల నేర్పరచుకొనియున్నవి. విత్తనములు వచ్చిన వార్తయు, అప్పు కిస్తు గడువును, తెగుళ్లను గూర్చిన ప్రశ్నలును, వానికి సమాధానములును అందే నడచుచున్నవి. పూర్వము కార్యదర్శిగారు సైకిలెక్కి నాలుగూళ్లు తిరిగి చెప్పవలసిన మాట క్షణములో నందరి చేతికి నందుచున్నది. ఇది మేలే. అయితే ఆ చర్చలలోని భాష దినదినమును కుదించుకొనిపోయి, ముక్కలు ముక్కలై, చదువరి ఊహింపవలసిన స్థితికి వచ్చినది. ఈ నెల పాఠమునకు మేము దీనినే విషయముగా గైకొంటిమి.

పొట్టి వ్రాతలు మనకు క్రొత్తవి కావు. శుభలేఖలో చి॥ల॥సౌ॥ అనియు, అర్జీపై మ॥రా॥రా॥శ్రీ అనియు, దస్తావేజులో ఎకరములకు య॥ అనియు మన పెద్దలు వ్రాయుచునే యుండిరి. వ్రాయువానికిని చదువువానికిని ఆ గుర్తు కొక్కటే అర్థము గనుక వాని వలన చిక్కు రాలేదు. తంతివార్తలో మాట కింత యని రుసుము గనుక జనులు మాటలు తగ్గించిరి. ఆ తంతి సేవయు మన దేశమున 2013 జూలైలో నిలిచిపోయినది. సెల్‌ఫోను సందేశమునకు 160 అక్షరములు చాలునని 1985లో హిల్లెబ్రాండ్ అను జర్మను ఇంజనీరు తేల్చెను. మొదటి సందేశము 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో పంపబడెను. ఆ 160 ఇంగ్లీషు అక్షరములకే. తెలుగులో వ్రాసినచో 70 మాత్రమే పట్టును. అందును 'క్షే' అను నొక్క అక్షరము నాలుగుగా లెక్కకు వచ్చును. అందుచే మనవారు తెలుగును ఇంగ్లీషు లిపిలో వ్రాయుటకును, అచ్చులను మ్రింగుటకును అలవాటుపడిరి. వాట్సాపులో నట్టి పిసినారితనము లేదు. కారణము పోయినది, అలవాటు నిలిచినది.

శుభోదయమునకు 'జి.ఎం.' అనుట, వందనములకు 'టి.క్యూ.' అనుట యెవరికిని హాని చేయవు. కుర్రవారు భాషను పాడుచేసిరని పెద్దలు విసుగుకొను 'ఓ.ఎం.జి.' అను మాటను 1917లోనే ఇంగ్లండు నౌకాదళపు ఫిషర్ ప్రభువు చర్చిలునకు వ్రాసిన లేఖలో వాడెను. అప్పటికాయన వయస్సు 76 ఏండ్లు! కావున మేము వేడుక మాటల జోలికి పోము. మందు, ఎరువు, తేదీ, సొమ్ము వీనిని గూర్చిన మాటలే మాకు భయము గొల్పుచున్నవి.

చెఱకు రైతుల బృందములో '45 డి.ఏ.పి. యూరియా' అని యొక సలహా వచ్చెననుకొనుడు. పరిశోధనా కేంద్రముల పత్రములలో డి.ఏ.పి. యనగా నాటిన పిమ్మట గడచిన దినములు. కనుక నాటిన 45వ దినమున యూరియా వేయుమని దాని భావము. మన రైతు కట్టి యర్థము తోచునా? అతనికి డి.ఏ.పి. యనగా నత్రజని 18 పాళ్లు, భాస్వరము 46 పాళ్లు గల ఎరువు బస్తాయే. అతడు 45 కిలోల డి.ఏ.పి.ని యూరియాతో గలిపి తోటలో చల్లును. భాస్వరము నేలలో కదలదు. దానిని ఆఖరి దుక్కిలోనే వేయవలెను. ఎదిగిన తోటలో పైపై చల్లినచో వేళ్లకు సరిగా నందక చాలవఱకు సొమ్ము దండుగ యగును.

ఇ.సి. యను రెండక్షరములు చూడుడు. మందు సీసాపై నవి నీటిలో పాలవలె కలియు ద్రావకమును తెల్పును. భూసార పరీక్షాపత్రములో లవణముల కొలతను, రిజిస్ట్రారు కచేరీలో భూమిపై నున్న తాకట్టులను దెలుపు పత్రమును తెల్పును. సీసాపై వాని ముందున్న అంకె మఱింత ముఖ్యము. క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. గాను, 50 ఇ.సి. గాను గూడ తయారగుచున్నది. అంకె విడిచి మందు పేరు మాత్రమే వ్రాసినచో, 20కి జెప్పిన మోతాదునే 50కి వాడినవాడు రెండున్నర రెట్లు మందు చల్లినవాడగును. ఇక 'పి. వేయవలెనా, కె. వేయవలెనా?' యను ప్రశ్నకు 'కె.' యని బదులు వచ్చినచో, అది పొటాషా, 'సరే' యను మాటా? ధర చెప్పువారికి అదే 'కె.' వేయి రూపాయలు. ఎఫ్.ఏ.క్యూ. యనునది చదువుకొన్న పిల్లలకు తఱచుగ నడుగు ప్రశ్నల పట్టిక. ధాన్యము కొనుగోలు కేంద్రములో తేమ నూటికి 17కు మించని సరకునకు గల ప్రమాణము.

తెలుగును ఇంగ్లీషు లిపిలో ముక్కలు చేయుట యింకను ప్రమాదము. ఎన్, ఇ, ఎల్, ఏ యను నాలుగక్షరములు 'నెల'యు నగును, 'నేల'యు నగును. మన భాషలో చేయుమనుటకును, మానుమనుటకును నడుమ నున్నది ఒక్క 'క'కారమే. 'నీరు పెట్టండి', 'నీరు పెట్టకండి' యను రెంటిని అచ్చులు తీసి వ్రాసిచూడుడు. ఆ 'క' యొక్క గుర్తు జారినచో కోతకు సిద్ధముగా నున్న మడిలో నీరు నిలుచును.

వీని కన్నిటికిని మించిన చిక్కొకటి మేము గ్రామములలో చూచుచున్నాము. అర్థముకాని వారు అడుగరు. నూఱుమంది చూచుచుండగా 'ఇది యేమి?' యని వ్రాసినచో చదువురానివాడని నవ్వుదురని వయసు మీఱిన రైతులును, స్త్రీలును ఊరకుందురు. ఊరకుండి, ప్రక్కవాడు చేసినట్లు చేయుదురు. ఆ ప్రక్కవాడును ఊహించినవాడే. మేము చదివిన మిషను పాఠశాలలో ఏ పొట్టి గుర్తునైనను మొదటిసారి పూర్తిగా వ్రాసిన పిమ్మటనే వాడనిచ్చెడివారు. ఆ కట్టుబాటు మన బృందములకు మిక్కిలి తగును.

కావున సలహా చెప్పువారు మందు పేరు, దాని శాతము, లీటరు నీటికెన్ని మిల్లీలీటర్లు, ఎకరమునకెన్ని లీటర్లు, పైరు వయస్సు ఎన్ని దినములు అనునవి తెలుగు లిపిలోనే వ్రాయవలెను. తేదీలో నెల పేరు అక్షరములలో నుండవలెను. వ్రాయుట కష్టమైనచో ఫోనులోని మైకు గుర్తు నొక్కి నోటితో జెప్పవచ్చును. సీసా చీటీని ఫోటో తీసి పంపుట అన్నింటికంటె మేలు. అడుగువారికి ఫలానా మాట కర్థమేమని అందఱిలో నడుగుట యిష్టము లేనిచో, కార్యదర్శికి విడిగా వ్రాయవచ్చును. లేదా కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 నంబరున ఫోను చేసి తెలుగులోనే యడుగవచ్చును. దానికి రుసుము లేదు. సమాధానము దొరకువఱకు మందు సీసా మూత విప్పవలదు.