సంఘం కంప్యూటరులో సి, డి భాగాలను కలపడం ఎలా?

పాల సేకరణ కేంద్రాలకు కంప్యూటర్లు వచ్చిన తరువాత ఒక ప్రశ్న తరచుగా మా వద్దకు వస్తున్నది. "సి డ్రైవులో జాగా లేదని ఎర్ర గీత చూపిస్తున్నది. డి డ్రైవు ముప్పాతిక వంతు ఖాళీగా పడి ఉన్నది. రెండింటినీ కలపవచ్చునా?" అని కార్యదర్శులు అడుగుతున్నారు. కలపవచ్చును. అయితే అందులో ఒక మెలిక ఉన్నది. అది తెలియకుండా చేయి పెడితే సభ్యుల పాల లెక్క ఒక్క నిమిషంలో పోతుంది. అందుచేత ఇది కార్యదర్శులకే కాక, పాలు పోసే సభ్యులందరికీ తెలియవలసిన విషయమని భావించి ఈ పాఠం వ్రాస్తున్నాము.

హార్డ్ డిస్కును ఒక కమతం అనుకుందాం. మధ్యలో గట్టు వేసి రెండు మడులు చేసినట్లు, కంప్యూటరు అమ్మినవారు దానిని సి, డి అని విభజించి ఇస్తారు. సి మడిలో విండోస్, దానితో నడిచే ప్రోగ్రాములు ఉంటాయి. డి మడి మన లెక్కలు, కాగితాలు దాచుకోవడానికి. డిస్కు మీద 500 జి.బి. అని వ్రాసి ఉంటే కంప్యూటరు 465 మాత్రమే చూపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారుచేసినవారు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోస్ 1024 చొప్పున కడుతుంది. అవే పాలను ఒకరు లీటర్లలో, మరొకరు కిలోలలో చెప్పినట్లన్న మాట.

ఆ 465లో సి భాగానికి 100 ఇచ్చి, మిగిలినదంతా డి భాగానికి వదిలివేసిన యంత్రాలు చాలా ఉన్నాయి. నాలుగైదేళ్ళలో విండోస్ పెరిగి సి నిండిపోతుంది. తరువాత ఒకనాటి ఉదయం, సభ్యులు క్యాన్లతో వరుసలో నిలబడి ఉండగా, పాల ప్రోగ్రాము లెక్క వ్రాసుకోవడం మానివేస్తుంది.

గట్టు జోలికి పోకముందు సి భాగంలో ఏమున్నదో చూడండి. డౌన్‌లోడ్స్ అనే చోట సినిమాలు, పెళ్ళి వీడియోలు మేము ఎన్నోసార్లు చూశాము. వాటిని డి భాగానికి మార్చి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, డిస్క్ క్లీనప్ నడిపితే చాలా సంఘాలకు అంతటితో పని తీరిపోతుంది.

తీరకపోతే విండోస్ గుర్తు ఉన్న మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. అక్కడ డిస్కు పొడవాటి పట్టీలా కనిపిస్తుంది. సి భాగం తన కుడి పక్కన ఆనుకొని ఉన్న ఖాళీ నేలను మాత్రమే కలుపుకోగలదు. మెలిక ఇదే. డి భాగాన్ని ష్రింక్ వాల్యూమ్‌తో కుదిస్తే చాలునని చాలామంది అనుకుంటారు. కాని కుదించినప్పుడు ఖాళీ డి భాగానికి ఆ చివర ఏర్పడుతుంది. సి భాగానికీ ఆ ఖాళీకీ నడుమ డి అడ్డుగా ఉండనే ఉన్నది. కాబట్టి ఈ పద్ధతిలో డి భాగాన్ని పూర్తిగా తీసివేయక తప్పదు. తీసివేస్తే అందులో ఉన్నదంతా పోతుంది.

మేము వెళ్ళిన ఒక సంఘంలో సరిగ్గా ఇదే జరిగింది. బాగుచేయ వచ్చిన కుర్రవాడు డి భాగంలో ఫొటోలే ఉన్నాయనుకొని తొలగించాడు. పాల ప్రోగ్రాము లెక్కలు అక్కడే ఉన్నాయి. ఆ పది రోజుల బిల్లు ఇంకా కాలేదు. శీతలీకరణ కేంద్రం లెక్కలో పూటకు ఎన్ని పాలు వెళ్ళినవీ, సగటు వెన్న ఎంతయినదీ ఉన్నది కాని, ఎవరి పాలకు ఎంత వెన్న వచ్చిందో ఎక్కడా లేదు. ఇళ్ళలో దాచిన చీటీలే దిక్కయ్యాయి. వాటిలో సగం వెలిసిపోయినవి. ఆ కాగితం వేడికి నిలవదు కదా. చీటీ లేనివారికి వెనుకటి పది రోజుల సగటు కట్టి చెల్లించారు. కొత్తగా ఈనిన గేదె పాలు ఆ వారమే పోయడం మొదలుపెట్టిన ఒక సభ్యురాలికి వెనుకటి సగటే లేదు. ఆమెకు ఏమివ్వాలన్న దానిపై పాలకవర్గం రెండు సార్లు కూర్చోవలసి వచ్చింది.

అందుచేత ముందుగా పాల ప్రోగ్రాములోనే ఉండే బ్యాకప్ తీసి, ప్రోగ్రాము మూసివేసి, డి భాగమంతా బయటి డిస్కులోకి నకలు చేయాలి. నకలు అయిందని తెరమీద కనిపిస్తే చాలదు. బయటి డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడాలి. బిల్లు చెల్లించిన మరునాడు, సాయంత్రం పూట సేకరణ ముగిశాక, యు.పి.ఎస్. నిండుగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టడం మంచిది. కొన్ని యంత్రాలలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ ముందే వ్రాసి పెట్టుకోవాలి.

తరువాత డి మీద మౌసు కుడి మీట నొక్కి డిలీట్ వాల్యూమ్ అనాలి. ఆ చోటు నల్లని అంచుతో అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తుంది. పాత యంత్రాలలో ఆకుపచ్చ అంచుతో ఫ్రీ స్పేస్ అని వస్తే దానిని మరొకసారి తీసివేయాలి. అప్పుడు సి మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అని, కావలసినంతే ఇవ్వాలి. అంతా కలిపివేయడం మాకు ఇష్టం లేదు. విండోస్ చెడి సి భాగాన్ని తుడవవలసి వచ్చినా, లెక్కలు వేరే మడిలో ఉంటే సులువు. సి భాగానికి 100 జి.బి. కలిపి, మిగిలినదానితో మళ్ళీ డి అనే అక్షరంతోనే కొత్త భాగం చేయాలి. అక్షరం మారితే ప్రోగ్రాముకు తన లెక్కలు కనిపించవు.

ఎక్స్‌టెండ్ అన్న మాట మసకగా ఉండి నొక్కుడు పడకపోతే, సి పక్కన రికవరీ అనే చిన్న భాగం ఉన్నదేమో చూడండి. రెండు మడుల నడుమ పంటకాలువ వంటిది అది. దానిని జరపడం తెలిసినవారి పని. మీరు అక్కడ ఆగిపోవాలి. అలాగే డి భాగం డిస్క్ 0లో కాక డిస్క్ 1లో ఉంటే అది వేరే ఊరి పొలమే. దానిని సి భాగానికి కలపడం ఈ పద్ధతిలో కాదు.

లెక్కలు తిరిగి డి భాగంలో పెట్టాక, పాత బిల్లు ఒకటి తీసి ముద్రించి, ఏ సభ్యునిదైనా పాసు పుస్తకంతో సరిపోల్చండి. మరునాటి ఉదయం సేకరణను కంప్యూటరుతో పాటు చేతి రిజిస్టరులో కూడా వ్రాయండి. బయటి డిస్కును బీరువాలో పెట్టి, రెండు బిల్లులు సక్రమంగా వచ్చేవరకు అందులోనిది చెరపవద్దు.