నవ్వుల నాటకంలో దాచిన లెక్క

రాయ్‌పూర్‌లో విశాఖ రైలెక్కితే టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటాక విజయనగరం వస్తుంది. సెలవులకు ఊరెళ్ళే మనలో చాలామందికి అది దిగాల్సిన స్టేషనుకు ముందు వచ్చే స్టేషను మాత్రమే. తెలుగు సాహిత్యంలో మాత్రం అది గిరీశం అప్పులు చేసి పారిపోయిన ఊరు. ఆ గిరీశం ఉన్న నాటకం ‘కన్యాశుల్కం’. ఈసారి తెలుగు విభాగంలో దాని గురించి చెప్పుకుందాం.

రాసినవారు గురజాడ అప్పారావు (1862–1915). 1892లో విజయనగరంలోనే మొదట ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని బాగా పెంచి తిరగరాశారు. మనకు ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఆ రెండో కూర్పే. పేరుకు నాటకమే గానీ, దాని పొడవూ అందులోని మనుషులూ చూస్తే నవల చదివినట్టే ఉంటుంది. పెద్ద తరగతుల్లో శ్రీలాల్ శుక్ల్ హిందీ నవల ‘రాగ్ దర్బారీ’ (1968) రుచి చూసినవారికి ఈ రకం నవ్వు కొత్త కాదు. చిన్న ఊరు, పెద్ద మాటలు, వెనకాల చీకటి వ్యవహారాలు.

కన్యాశుల్కం అంటే పెళ్ళికొడుకు వైపువారు పిల్ల తండ్రికి ఇచ్చే సొమ్ము. కట్నానికి తిరగేసిన ఆచారం. డబ్బున్న ముసలివాడు చిన్నపిల్లను కొనుక్కోవచ్చన్నమాట. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధానులు పెద్ద కూతురు బుచ్చమ్మను అలాగే ఒక ముసలివాడికిచ్చాడు. అతను పోయాడు, ఆమె వితంతువైంది. బుద్ధి రాలేదు. చిన్న కూతురు సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధానులు అనే మరో ముసలివాడికి ఖాయం చేశాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకి, బతికి బయటపడుతుంది. ఇది హాస్య నాటకంలో జరిగే సంగతి!

ఆమె తమ్ముడు కరటకశాస్త్రి నాటకాల్లో వేషాలు వేసేవాడు. సుబ్బి పెళ్ళి చెడగొట్టడానికి తన శిష్యుడైన మగపిల్లవాడికి ఆడవేషం వేసి, తక్కువ ధరకు లుబ్ధావధానులకే అంటగడతాడు. పెళ్ళి జరుగుతుంది. పెళ్ళికూతురు మాయమవుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ: ముసలివాడు పిల్లను చంపేశాడని ఊరంతా పుకారు, పోలీసులు, కోర్టు. నిజం తెలిసినవాళ్ళు నోరు మెదపరు. ఎందుకంటే ఒకరి గుట్టు బయటపెడితే తమ గుట్టు కూడా లాక్కొస్తుంది. ఈ ముడి వేసిన తీరే నాటకం మొత్తంలో మాకు బాగా నచ్చింది. ఇందులో ఎవరికీ ఒంటరి రహస్యం లేదు. అందరి రహస్యాలూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి.

ఇక గిరీశం. ఇంగ్లీషు మాటలతో అందరినీ బోల్తా కొట్టిస్తాడు, వితంతు వివాహాల గురించి ఉపన్యాసాలిస్తాడు, పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు కాజేస్తాడు. (పూటకూళ్ళమ్మ అంటే డబ్బు తీసుకుని పూటకింత భోజనం పెట్టే ఆవిడ. మన మెస్సు లాంటిది అనుకోండి.) ఆవిడ వెతుక్కుంటూ వచ్చేసరికి మధురవాణి ఇంట్లో మంచం కింద దూరతాడు. అక్కడ రామప్పంతులు ముందే దాక్కుని ఉంటాడు! ఊళ్ళో అప్పులవాళ్ళు ఎక్కువయ్యేసరికి, శిష్యుడు వెంకటేశంతో వాళ్ళ అగ్రహారానికి ప్రయాణం కడతాడు. మన నాన్నలకు బదిలీ ఆర్డరు పైనుంచి వస్తుంది. గిరీశం తన ఆర్డరు తానే రాసుకుంటాడు. కొత్త ఊళ్ళో మళ్ళీ పెద్దమనిషి. కానీ ఆ రోజుల్లో కూడా కబురు మనిషికన్నా నిదానంగా ఏమీ నడిచేది కాదు.

అతని గుట్టు తెలిసినది మధురవాణి. గిరీశం చేతిలో మోసపోయినది కూడా ఆమే. ఆమె పగ తీర్చుకునే తీరు వేరు. రామప్పంతులు పెళ్ళికని తన కంటె పట్టుకెళితే, అది తెస్తేగానీ ఇంట్లో అడుగు పెట్టవద్దంటుంది. చివరికి విశాఖపట్నంలో మగవేషంలో సౌజన్యారావు పంతులు అనే వకీలు దగ్గరకు వెళ్ళి, పెళ్ళికూతురు మగపిల్లవాడని చెప్పి ఒక ముసలివాణ్ణి హత్యానేరం నుంచి కాపాడుతుంది. గిరీశం ఎవరో కూడా అక్కడే తేలిపోతుంది. లోకం చిన్నచూపు చూసిన మనిషి ఒక్కతే ఇందులో నిజం చెప్పగలిగింది. అయితే గిరీశాన్ని నమ్మి ఇల్లు వదిలిన బుచ్చమ్మ మాటేమిటి? ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయిస్తారు. ఆమెను అడిగినవారు లేరు. ఆ చోట మాకు నవ్వు రాలేదు.

ఈ కథ ఊహ మాత్రమే కాదు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో ఒక వర్గంలో మూడేళ్ళపాటు జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారని గురజాడ తన పీఠికలో రాశారు. లెక్కకు వచ్చినవి 1034. వారిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదివే ఒకటో తరగతిని ఒకసారి తలచుకుని ఈ అంకెలు మళ్ళీ చదవండి.

పుస్తకం చూసి భయపడనక్కర్లేదు. బడిలో హిందీ, ఇంగ్లీషు, ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే మనకు గ్రాంథికం కష్టం. గురజాడ దీన్ని ఉత్తరాంధ్ర జనం నోటి మాటలోనే రాశారు. కొన్ని మాటలు అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన వాళ్ళయితే ఇంకా మంచిది. మొదటి అంకం పైకి చదవండి. నలుగురుంటే పాత్రలు పంచుకోవచ్చు. పూటకూళ్ళమ్మ వేషానికి గొంతు గట్టిగా ఉన్నవాళ్ళు కావాలి.