కళాయి పూత - చార్జరు పిన్ను

తెలుగు భాష లోహముల చెడుగునకు ఒకే మాటను వాడదు. ఇనుము తుప్పు పట్టును. రాగి, ఇత్తడి చిలుము పట్టును. వెండి నల్లబడును. బంగారమునకు మాత్రము ఏదియు పట్టదు. రసాయనశాస్త్రము పాఠశాలలకు రాకమునుపే మన గృహిణులు, కంసాలులు, కళాయివారు ఏ లోహము ఏ విధముగా చెడునో కనిపెట్టి, దానికి తగిన పేరు పెట్టిరి. ఆ జ్ఞానము ఇత్తడి బిందెతో ముగిసిపోలేదు. నేటి విద్యార్థి సంచిలోనున్న లాప్‌టాప్ చార్జరు కొనయందలి చిన్న పిన్నునకు కూడ అదియే వర్తించును.

ఇంత చిన్న వస్తువును గూర్చి వార్షిక సంచికలో వ్యాసమెందుకని కొందరికి తోచవచ్చును. వేరుసెనగ పంటపై ఆధారపడిన కుటుంబము ఒక లాప్‌టాప్ కొనుట సామాన్య విషయము కాదు. అన్నయు, చెల్లెలును ఒకే యంత్రముతో చదువుకొను ఇండ్లు మన జిల్లాలో ఎన్నియో కలవు. ఉపకార వేతనపు దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టికెట్టు, పాఠములు అన్నియు దాని ద్వారానే జరుగుచున్నవి. లోపలి భాగములన్నియు సక్రమముగా ఉన్నను, చార్జరు పిన్ను కూర్చొను చోట లోపము కలిగినచో యంత్రము మొత్తము మూగవోవును. పలు యంత్రములలో ఆ జాకు ప్రధాన పలకకే అతికించబడి యుండును గనుక మరమ్మతు ఖర్చు ఎక్కువగును. అంతకు మించి, చెడిన పిన్ను వేడెక్కి కాలు ప్రమాదము కూడ కలదు. కావున ఈ విషయమును కొంత శ్రద్ధతో తెలిసికొనుట అవసరము.

కళాయి చెప్పు పాఠము

'కళాయి' అనునది అరబ్బీ, ఉర్దూ భాషల మీదుగా మనకు వచ్చిన మాట. అరబ్బీలో 'ఖలఈ' అనగా తగరము. మలయా ద్వీపకల్ప ప్రాంతమందలి ఒక రేవు పేరు నుండి ఆ మాట పుట్టినదని పండితులు చెప్పుదురు. మన సీమ పట్టణములలో తిత్తియు బొగ్గులును మోసికొని వీధివీధి తిరిగి కళాయి పోసినవారిలో పలువురు ముస్లిములు. మాటయు, పనియు రెండును మన రెండు భాషల ఉమ్మడి సొత్తు.

ఆ పనివాడు మొదట పాత్రను తోమి మకిలి పోగొట్టును. నిప్పులపై కాచి, నవాసాగరము చల్లును. అది లోహముపైనున్న పలుచని ఆక్సైడు పొరను కరగించి తీసివేయును. పిదప తగరమును తాకించి, దూదితో పాత్ర అంతట రుద్దును. అట్లు పూసిన పూత చింతపండు పులుసునకును రాగికిని నడుమ గోడవలె నిలుచును. పూత అరిగిన నాడు పులుసు రాగిని తాకి చిలుము ఏర్పడును. అది విషమని ఎరిగిన ఇల్లాలు ఆ పాత్రలో వంట మాని, కళాయివాని కొరకు ఎదురు చూచెడిది.

చార్జరు పిన్ను నిర్మాణము కూడ సరిగా ఇట్టిదే. లోపల ఉండునది రాగి మిశ్రమము. దానిపై నికెలు పూత. మంచి రకమైనచో నికెలుపై బంగారు పూత. రాగి మెల్లగా బంగారములోనికి చొచ్చుకొని పైకి రాకుండ నికెలు అడ్డుకొనును. బంగారము గాలికి, నీటికి లొంగదు. అయితే ఆ బంగారు పూత మందము సామాన్యముగా ఒక మైక్రానునకు కూడ తక్కువ. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ పలుచని పూతయే పిన్నునకు ప్రాణము. బిందెకు మరల కళాయి పోయించవచ్చును గాని, ఈ పిన్నునకు మరల పూత పోయువాడు మనకు వీధిలో దొరకడు.

చిలుము పట్టు విధము

లోహము చెడుటకు తేమ, గాలి కలియవలెను; ఉప్పు ఆ చెడుగును త్వరపరచును. చెమటలో ఉప్పు కలదు. మన బోరు నీటిలో కరిగిన లవణములు మెండు. ఆ నీటి చుక్క ఆరిన చోట తెల్లని మచ్చ మిగులుట మనము నిత్యము చూచుచునే యున్నాము. ఆ మచ్చ మరల తేమ తగిలినప్పుడు విద్యుత్తును ప్రవహింపజేయు ద్రావణమగును.

రెండు వేర్వేరు లోహములు ఒకే ద్రావణములో తాకియున్నచో వాటిలో ఒకటి కరగి రెండవదానిని కాపాడును. సర్ హంఫ్రీ డేవీ 1824లో ఈ ధర్మమును వినియోగించి, ఆంగ్ల యుద్ధనౌకల అడుగునకు కొట్టిన రాగి రేకులకు జింకు, ఇనుప ముక్కలను తగిలించి రాగి కరగకుండ ఆపెను. జింకు పూసిన ఇనుప బక్కెటు గీరుకొనినను వెంటనే తుప్పు పట్టకుండుటకు ఇదియే కారణము. అచట జింకు తాను కరగి ఇనుమును కాచును. బంగారు పూత సంగతి దీనికి విరుద్ధము. పూత చెక్కుచెదరనంత కాలము అది మేలైన రక్షణ. ఒక్క గీత పడినచో, బంగారము తాను కరగక అడుగునున్న లోహమునే త్వరగా కరగించును. కావుననే పిన్నును గీయుట మురికిగా ఉంచుట కంటె ఎక్కువ హాని.

తడిసిన పిన్నులో విద్యుత్తు ప్రవహించుట అన్నిటికంటె ప్రమాదకరము. రసాయన ప్రయోగశాలలో విద్యుద్విశ్లేషణము చూచిన విద్యార్థికి ఇది సులభముగా బోధపడును. ధనధ్రువముననున్న లోహము కరగి ద్రావణములోనికి పోవును. తడి పిన్నులోనూ అదియే జరిగి, ఆ కొన నల్లబడి గుంటలు పడును. ఊరక తడిసి ఆరిన పిన్నునకు కలుగని నష్టము, తడిగా ఉండగా చార్జరు పెట్టినచో స్వల్పకాలములో కలుగవచ్చును. వజూ చేసి వచ్చిన తడి చేతులతోనో, మంచినీటి సీసా పక్కననే ఉంచిన సంచిలోనుండి తీసియో చార్జరు తగిలించు అలవాటు మానవలెను.

మన నేల దుమ్ము

అనంతపురము పీఠభూమి పడమటి కనుమల చాటున ఉండుటచే నైరుతి ఋతుపవనపు వాన మనకు అరుదు. సంవత్సర సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. సముద్రతీరపు ఉప్పుగాలి మనకు లేదు. ఈ విషయమున మచిలీపట్నము, విశాఖపట్నము వారికంటె మనము అదృష్టవంతులము. కాని తేమ తక్కువగు కొలది దుమ్ము హెచ్చును. దున్నిన పొలముల మీదుగా వీచు గాలి గదులలోనికి తెచ్చు ఎఱ్ఱ ధూళి గ్రానైటు రాళ్లు శిథిలమగుటచే ఏర్పడినది. అందు పలుగురాతి రేణువులు కలవు. మోహ్స్ కాఠిన్య మానమున పలుగురాయి 7, నికెలు సుమారు 4, బంగారము 3 కంటె తక్కువ, తగరము 2 కంటె తక్కువ. ఆ రేణువు జాకులో చేరిన పిదప పిన్నును త్రోసిన ప్రతిసారి అది గరుకు కాగితమువలె పూతను గీయును. ఇక సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వానలు పడినప్పుడు, అప్పటికే గీతలు పడిన పిన్నునకు తేమ తగులును. వేసవిలో దుమ్ము గీసిన చోట వానకాలమున చిలుము పట్టునన్నమాట.

అరుగుదలయు, వేడిమియు

నేడు ప్రచారములోనున్న టైప్-సి యు.ఎస్.బి. పిన్ను 2014లో వెలువడినది. అందు 24 కొనలు గలవు. 10,000 మారులు పెట్టి తీయుటకు తట్టుకొనునట్లు దానిని రూపొందించిరి. దినమునకు నాలుగు మారులు చొప్పున లెక్కించినచో 2,500 దినములు, అనగా ఆరు సంవత్సరముల పదినెలలు. పాత వెడల్పాటి యు.ఎస్.బి. ప్లగ్గునకు ప్రమాణము 1,500 మారులే. అయితే ఈ లెక్క శుభ్రముగా, తిన్నగా పెట్టి తీయువారికే చెల్లును. టైప్-సి రూపకర్తలు ఒక మంచి ఆలోచన చేసిరి. త్వరగా అరుగు స్ప్రింగు కొనలను యంత్రములో గాక కేబులు ప్లగ్గులో ఉంచిరి. కావున ముందుగా చెడునది తక్కువ ధరగల కేబులు. గుండ్రని పిన్ను గల పాత చార్జర్లలో స్ప్రింగు యంత్రపు జాకులోనే ఉండును. వాటిని మరింత జాగ్రత్తగా వాడవలెను.

పూత అరిగి చిలుము పట్టిన చోట విద్యుత్ నిరోధము పెరుగును. దాని ఫలితమును లెక్కవేసి చూతము. 65 వాట్ల చార్జరు 19.5 వోల్టుల వద్ద సుమారు 3.33 ఆంపియర్ల ప్రవాహమిచ్చును. ప్రవాహపు వర్గమును నిరోధముతో గుణించినచో వేడిగా మారు శక్తి తెలియును. మంచి స్థితిలో నిరోధము 0.02 ఓములు అనుకొన్నచో వేడి 0.22 వాట్లు, చేతికి కూడ తెలియదు. అదే 0.5 ఓములకు పెరిగినచో 5.5 వాట్లు. రేడియో మరమ్మతువారు సీసము కరగించు సామాన్యపు కాడ శక్తి 25 వాట్లు. అందులో ఐదవ వంతుకు మించిన వేడి చిటికెన వ్రేలి కొనంత చోట చేరినచో ప్లాస్టిక్ మెత్తబడుటలో వింత లేదు. పిన్ను వేడెక్కుట, కాలిన వాసన వచ్చుట, కదిలించినప్పుడు దీపము వెలిగి ఆరుట - ఈ మూడును హెచ్చరికలు. ఏ ఒక్కటి కనబడినను చార్జరును వెంటనే ఆపవలెను.

చేయవలసినవి, చేయరానివి

1. గుండ్రని పిన్ను చార్జరును ముందు యంత్రమునకు తగిలించి, పిదప గోడ స్విచ్చి వేయవలెను. తీయునప్పుడు ముందు స్విచ్చి ఆపవలెను. విద్యుత్తు ఉండగా తగిలించినచో చిన్న మెరుపు పుట్టి కొనలపై గుంటలు పడును. టైప్-సిలో చార్జరు యంత్రమును గుర్తించిన పిదపనే శక్తి వదలును గనుక తగిలించునప్పుడు ఆ బాధ తక్కువ.

2. పిన్నును తిన్నగా త్రోయవలెను, ప్లగ్గును పట్టుకొని తీయవలెను. తీగను పట్టి లాగరాదు. చార్జరు పెట్టె బరువు పిన్నుపై వ్రేలాడరాదు. యంత్రమును ఒడిలో పెట్టుకొని కదలుచు చార్జి చేసినచో కొనలు ఎడతెగక ఒరసికొని పూత అరుగును.

3. నెలకొకసారి యంత్రమును ఆపి, చార్జరును గోడనుండి తీసి, పొడి మెత్తని కుంచెతో జాకు దుమ్ము దులుపవలెను. గట్టిగా అంటిన దుమ్మును కొయ్య పుల్లతో సున్నితముగా తీయవచ్చును. గుండుసూది, పిన్నీసు పనికిరావు; అవి పూతను గీయుటయే గాక, లోపలి బ్యాటరీ వలన షార్టు కలిగించును. నోటితో ఊదినచో తేమ చేరును.

4. మచ్చ ఉన్నచో 90 శాతమునకు తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కుంచెను కొద్దిగా తడిపి తుడిచి, పూర్తిగా ఆరిన పిదపనే వాడవలెను. చేతుల శానిటైజరు తగదు. అందు నీరు, తరచుగా గ్లిజరిను ఉండును.

5. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్లు పిన్నును తోమరాదు. పులుపు చిలుమును కరగించును గాని, మిగిలిన ఆమ్లము లోపలి రాగిని తినును. గరుకు కాగితముతో రుద్దినచో పూతయే పోవును. కొబ్బరినూనె పూసినచో దుమ్ము అంటుకొనును.

6. తడిసినచో చార్జరు పెట్టక, జాకును క్రిందికి వంచి నీడలో గాలి తగులునట్లు ఆరబెట్టవలెను. బియ్యములో పూడ్చు అలవాటు మంచిది కాదు. నూక, పిండి లోపల చేరును.

7. కొత్త చార్జరు కొనునప్పుడు భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, 'ఆర్' అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చూడవలెను. కంప్యూటరు సామగ్రి అడాప్టర్లకు ఆ నమోదు తప్పనిసరి. సంఖ్య సరియైనదో కాదో 'బి.ఐ.ఎస్. కేర్' ద్వారా ఫోనులోనే తెలిసికొనవచ్చును.

కళాశాల వంతు

ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంతనున్న ఇనుప స్తంభము సుమారు 1,600 సంవత్సరములుగా ఎండకు వానకు నిలిచియున్నది. ఆ ఇనుములో భాస్వరము ఎక్కువగా ఉండుటచే దానిపై ఒక రక్షక పొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించెను. వానకు చెడని ఆ స్తంభమునకు కూడ మనుష్యుల చేతులు హాని చేసెను. వచ్చినవారందరు దానిని కౌగిలించి రాచుచుండగా, 1997లో చుట్టును కంచె కట్టవలసి వచ్చెను. ప్రకృతి కంటె వాడుకయే వస్తువును త్వరగా అరగదీయునని దీనివలన తెలియుచున్నది.

పదిమంది వాడు కంప్యూటరు గది విషయమున ఇది మరింత నిజము. కావున కళాశాల సంఘము వారు కొన్ని స్వల్ప ఏర్పాట్లు చేయుదురు గాక. స్విచ్చి గల ప్లగ్గు పలకలను నేలపై గాక బల్ల ఎత్తున బిగించుట, తీగలను బల్లకు కట్టి బరువు పిన్నుపై పడకుండ చూచుట, ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో నేల తుడిపించుట, యంత్రములకు గుడ్డ తొడుగులు కుట్టించుట, మూడు నెలలకొకసారి ప్రతి పిన్నును పరీక్షించి పుస్తకములో వ్రాయించుట - ఇవన్నియు ఒక యంత్రపు మరమ్మతునకగు ఖర్చుతో జరుగవచ్చును. ఆ పరీక్ష బాధ్యతను విద్యార్థులకే అప్పగించినచో వారికి పాఠము, కళాశాలకు లాభము.

విద్యార్థులారా! నది ఒడ్డున వజూ చేయునప్పుడు సైతము నీటిని వృథా చేయరాదని మన పెద్దలు బోధించిరి. కరువు సీమలో పుట్టిన మనకు ఆ మాట విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. దుబారాను ఇస్రాఫ్ అనియు, నమ్మి అప్పగించిన వస్తువును అమానత్ అనియు అందుము. తండ్రి పంట అమ్మి కొనిచ్చిన యంత్రము అమానత్. కళాశాల గదిలోని యంత్రము మీ తరువాత వచ్చువారి అమానత్. దాని కొననున్న మైక్రాను మందపు పూతను కాపాడుటకు కావలసినది పొడి చేయి, మెత్తని కుంచె, కొంచెము ఓర్పు. ఈ మూడును మన అందరి వద్ద కలవు.