పాత్రధారణము: ఆన్‌లైన్ ఆటలాడు విద్యార్థుల కొక పాఠము

గత దసరా సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున తొమ్మిదవ తరగతిలో నొక వింత చూచితిమి. ఐదవ తరగతి మొదలుకొని ఒకే బల్లపై కూర్చుండు ఇద్దరు బాలురు గదిలో చెఱియొక మూలను చేరి, ఒకరి మొగ మొకరు చూడకుండిరి. పిలిచి యడుగగా సంగతి తెలిసినది. సెలవులలో వారిరువురును తమ తమ యిండ్లనుండి ఒక ఆన్‌లైన్ ఆట యాడుచుండిరి. ఆ యాట యొక పట్టణమును పోలినది. అందొకడు పోలీసు అధికారి, రెండవవాడు దొంగ. దొంగ తాను దోచిన సొమ్మును పాత వంతెన క్రింద దాచెను. ఒకనాటి సాయంకాలము క్రికెట్టు ఆడి యింటికి వచ్చుచు, స్నేహితుడే గదా యని ఆ సంగతిని నవ్వుచు చెప్పెను. ఆ రాత్రియే పోలీసు అధికారి తిన్నగా వంతెన కడకు పోయి, దొంగను పట్టి, సొమ్ము స్వాధీనము చేసికొనెను.

"ఆటే గదండీ, మాస్టారూ!" అని మొదటివాడనెను. "నేను చెప్పినది పోలీసుకు గాదండీ, వీనికి" అని రెండవవాడు కన్నీరు పెట్టుకొనెను.

మాకు మొదట నవ్వు వచ్చెను. కాని యా రెండవ బాలుని మాట మమ్ము విడువలేదు. పిమ్మట మేము ఆ యాటలనుగూర్చి చదివి, మా యింటి పిల్లల ప్రక్కను కూర్చుండి చూచి, కొంత తెలిసికొంటిమి. ఇది వట్టి కాలక్షేపము గాదు. నటన వంటి యొక విద్య. బాగుగను చేయవచ్చును, చెడ్డగను చేయవచ్చును. వ్యాసరచన వలెనే దీనికిని కొన్ని సూత్రములు గలవు. వానిని మన విద్యార్థులకు తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విద్యయొక్క పుట్టుక

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. బల్లచుట్టు కూర్చుండి, ఒక్కొక్కరొక్కొక్క పాత్రను ధరించి, మాటలతోను పాచికలతోను కథ నడుపుట దాని పద్ధతి. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి 'మడ్' అను ఆటను కంప్యూటరుపై వ్రాయ నారంభించెను. రిచర్డ్ బార్టిల్ అను తోటి విద్యార్థి దానిని పెంపొందించెను. అందు బొమ్మ యొక్కటియు లేదు. కొండయైనను, కోటయైనను అక్షరములతో చెప్పవలసినదే. తరువాత 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 2004లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వెలువడెను. ఈ రెండవ యాటయందు పాత్రధారణము కోరువారికై కొన్ని సర్వర్లనే ప్రత్యేకముగా నేర్పఱచిరి.

పైని చెప్పిన బార్టిల్ గారు 1996లో ఒక వ్యాసమున ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించి, వారికి పేకముక్కల గుఱుతులు పెట్టిరి. మన పెద్దలు పేకముక్కల పేరెత్తినందుకు మమ్ము మన్నింతురు గాక! గెలుపును సంపాదనను కోరువారు డైమండు. క్రొత్త చోట్లు వెదకువారు ఇస్పేటు. మనుష్యులతోడి సాంగత్యము కోరువారు ఆఠీను. ఇతరులపై దెబ్బతీయ గోరువారు కళావరు. ఒకే యాటలోనికి నలుగురు నాలుగు కోరికలతో వత్తురు. మన బాలురలో పోలీసు గెలుచుటకు వచ్చెను; దొంగ స్నేహితునితో గూడి యొక కథ నల్లుటకు వచ్చెను. ఎవరెందుకు వచ్చిరో ముందుగా మాటలాడుకొనకపోవుటయే తగవునకు మొదటి కారణము.

మన దేశమున దీనికి చుట్టము

నాటకమునందు నటునికి వ్రాసిన మాటలుండును. ప్రేక్షకుడు ఎదుట కూర్చుండి వినును. ఆన్‌లైన్ పాత్రధారణమున వ్రాసిన నాటకము లేదు, వేఱు ప్రేక్షకుడును లేడు. ప్రతివాడును నటుడే, ప్రతివాడును ప్రేక్షకుడే. మన దేశమున దీనికి దగ్గఱి చుట్టము పగటివేషము. వేషధారి రంగస్థల మక్కఱలేక మన వీధిలోనికి వచ్చి, మన గుమ్మము ముందే నిలుచును. మనమేమందుమో దానినిబట్టి యతని మాట. ఆ వేషములో సగము ఇంటివారి సమాధానమునందే యున్నది.

ఇంకొక సంగతి. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామ, చిత్రాంగి వంటి స్త్రీపాత్రలను ధరించి కీర్తి గడించిరి. 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. అట్టి నటులను తలచుకొనినపుడు మనకొకటి బోధపడును. పాత్ర యెంత నిజమైనను, ధరించినవాడు వేఱు. సత్యభామ కోపమును యింటికి మోసికొని పోవువాడు నటుడు గాడు. ఇంటి కోపమును రంగముపైకి తెచ్చువాడును నటుడు గాడు. ఈ రెండు మాటలను గుఱుతుంచుకొని, క్రింది పాఠములను చదువుడు.

మొదటి పాఠము: పాత్రను చిన్నదిగా కల్పింపుడు

ఆటలో చేరిన దినముననే యనేకులు తమ పాత్రకు రాజవంశమును, మాయఖడ్గమును, ఓటమి యెఱుగని బలమును అంటగట్టుదురు. అట్టి పాత్రకు చేయవలసిన పని మిగులదు. ఎదుటివారికి దానితో నవసరము నుండదు. దీనికి మాఱుగా మూడు ప్రశ్నలు వేసికొనుడు: నా పాత్రకేమి కావలెను? దేనికి భయపడును? ఏమి చేతగాదు?

ఉదాహరణమునకు, కాకినాడ రేవునుండి చేపలు తెచ్చు నొక లారీ డ్రైవరు ననుకొందము. అప్పు తీర్చి సొంత లారీ కొనవలెనని యతని కోరిక. రాత్రివేళ ఘాటురోడ్డు ఎక్కుటకు భయము. లెక్కలు రావు. ఇతడు పట్టణమున నడుగు పెట్టగనే అందఱకును పని దొరకును. ఒకడు అప్పు అడుగ వచ్చును. ఒకతె లెక్క చూచి పెట్టును. మఱొకడు రాత్రి ప్రయాణమునకు తోడు వచ్చును. పాత్రయందలి లోపమే ఇతరులు లోనికి వచ్చు తలుపు. పేరును పాత్రకు తగినట్లుండవలెను. 'సూపర్‌కింగ్ 99' అను పేరుగల డ్రైవరును చూచినపుడు ఎవరికిని ఆ లోకముపై నమ్మకము నిలువదు.

రెండవ పాఠము: కనబడునదియే వ్రాయుడు

పాత్రయొక్క చేష్టను వ్రాయు వాక్యమును ఆటగాండ్రు 'ఎమోట్' అందురు. "డ్రైవరునకు నీపై లోలోపల చెప్పరాని కోపము గలదు" అని యొకడు వ్రాసిన, ఎదుటి పాత్ర దానికేమి చేయగలదు? లోపలి కోప మెవరికి కనబడును? "డ్రైవరు టీగ్లాసును త్రాగకయే బల్లపై పెట్టి, తాళపుచెవులు తీసికొనెను" అని వ్రాసినచో చూచినవాడు "ఏమైనదన్నా?" అని యడుగగలడు. చూపునకు చెవికి అందునదానినే వ్రాయుడు. వాక్యము పొట్టిగా నుండవలెను. మీరు పది పంక్తులు వ్రాయువఱకు ఇతరులు ఊరక కూర్చుండవలసి వచ్చును.

మూడవ పాఠము: ఫలితమును ఎదుటివానికి విడువుడు

"నేను నీ చేయి విఱిచితిని, నీవు క్రింద పడితివి" అని వ్రాయుట పెద్ద తప్పు. దీనిని 'పవర్‌గేమింగ్' అందురు. ఎదుటి పాత్ర మీది గాదు. అది పడునో, తప్పించుకొనునో చెప్పు హక్కు దాని యజమానిది. "నీ చేయి పట్టుకొనుటకు ముందునకు దూకితిని" అని మీ యత్నము మాత్రమే చెప్పి యాగుడు. ఆగుట యీ విద్యయందు మిక్కిలి కష్టమైన పని. తరగతిలో తోటివాడు సమాధానము చెప్పుచుండగా నోరు మూసికొని యుండుట యెంత కష్టమో మీకు తెలియును గదా!

నాలుగవ పాఠము: తెలిసినది ఎవరికి?

మన బాలుర తగవు ఇక్కడిదే. ఆటగానికి తెలిసినదంతయు పాత్రకు తెలియదు. వంతెన సంగతి క్రికెట్టు స్నేహితునికి తెలిసినది. పోలీసు అధికారికి తెలియలేదు. ఒకని జ్ఞానమును మఱియొకని చేతికిచ్చుటను 'మెటాగేమింగ్' అందురు. పాత్రధారణ సర్వర్లలో దీనిని నిషేధించుట సాధారణము.

ఈ నియమమును మంచి యాటగాడు బంధనముగా నెంచడు. పోలీసు వంతెన సంగతి యెఱుగనట్లు నటించి, అంగడివానిని అడిగి, చక్రముల జాడ చూచి, రెండుమార్లు తప్పు దారిని పోయి యుండినచో, ఆ కథ వారము దినములు నడచియుండును. తిన్నగా వంతెనకు పోవుటచే ఐదు నిమిషములలో ముగిసినది. పైగా స్నేహితుని నమ్మకమును ఖర్చు చేసి ఆట సొమ్మును కొన్నట్లయినది. అది చాల నష్టపు బేరము.

ఐదవ పాఠము: అందించినదానిని గైకొని, ఒకటి చేర్పుడు

అమెరికాలో వయొలా స్పోలిన్ అను నామె నటనను ఆటల రూపమున నేర్పి, 1963లో దానినిగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అప్పటికప్పుడు కల్పించి యాడు నటులలో "ఔను, మఱియు" అను సూత్రము ప్రసిద్ధము. ఎదుటివాడు చెప్పినదానిని కాదనక గైకొని, దానికి మీదొకటి చేర్పవలెను. "డాక్టరుగారూ, నా గుఱ్ఱమునకు జ్వరము వచ్చినదండీ" అని యొకడు వచ్చినపుడు "నేను మనుష్యుల డాక్టరును, పొమ్ము" అన్నచో కథ చచ్చును. "నాకు గుఱ్ఱముల వైద్యము రాదు గాని, మా నాన్నగారు ఎద్దులకు మందు పోయుట చూచితిని, దీపము పట్టుకొని రమ్ము" అన్నచో కథకు కాళ్లు వచ్చును.

ఓడుటయు ఇట్లే గైకొనవలసినదే. చక్కగా ఓడినవానిని తోటియాటగాండ్రు మరల మరల పిలుతురు. ఎన్నడును ఓడనివానితో నాడుటకు ఎవరును రారు.

ఆఱవ పాఠము: తెర దించుట నేర్వుడు

పాత్రగా గాక మనుష్యుడుగా మాటలాడవలసిన సమయము లుండును. అక్షరములతో నాడు చోట్ల అట్టి మాటలను జంట కుండలీకరణములలో వ్రాయుట ఆచారము: ((అమ్మ పిలుచుచున్నది, పది నిమిషములలో వత్తును)). ((ఈ కథ నాకు బాధగా నున్నది, మార్చుదము)). ఈ రెండవ వాక్యమును వ్రాయుటకు సిగ్గుపడకుడు. అది విన్న పిమ్మటను ఆపనివాడు ఆటగాడు గాడు.

తెర వెనుక నున్న మనిషిని మీ రెఱుగరు. పండ్రెండేండ్ల బాలికనని చెప్పువాడు నలువది యేండ్లవాడు కావచ్చును. కావున మీ అసలు పేరు, ఊరు, పాఠశాల, ఫోటో ఎవరికిని ఈయకుడు. "ఈ సంగతి ఇంట చెప్పకుము" అని యెవరైన నన్నచో వెంటనే యింట చెప్పుడు. వయఃపరిమితినిగూడ పాటింపుడు. 2013లో వెలువడిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' అను ఆటపై పాత్రధారణ సర్వర్లు ప్రసిద్ధములే; కాని ఐరోపా వర్గీకరణము ప్రకారము ఆ యాట పదునెనిమిది యేండ్లు నిండినవారికే తగినది. అది బాలురది గాదు.

తరగతిలో మేము చేసిన పరీక్ష

ఒక శుక్రవారము చివరి పీరియడున ఈ పాఠములను కంప్యూటరు లేకయే తరగతిలో ప్రయత్నించితిమి. ఇద్దరిద్దఱకు ఒక్క కాగిత మిచ్చితిమి. నోటితో మాటలాడరాదు, వంతులవారిగా పాత్రయొక్క మాటను గాని చేష్టను గాని ఒక్కొక్క వాక్యము వ్రాయవలెను, ఎదుటి పాత్ర యేమి చేసెనో వ్రాయరాదు. మొదటి పది నిమిషములలో సగము కాగితములపై అందఱును అందఱిని చంపిరి. వానిని చదివి వినిపింపగా తరగతియంతయు నవ్వెను. రెండవసారి వ్రాసినవి వేఱుగా నుండెను.

ఆ యిద్దరు బాలురను మేము బుద్ధిపూర్వకముగనే ఒక బల్లపై కూర్చుండబెట్టితిమి. చాలసేపు కాగితము కదలలేదు. పిమ్మట పోలీసు బాలుడు వ్రాసిన మొదటి వాక్యము పాత్రది గాదు. జంట కుండలీకరణములలో ((నీవు నాకు చెప్పినదానిని నేను వాడుకొనరాదు. తప్పు నాది)) అని వ్రాసెను. రెండవవాడు దానిని చదివి, క్రింద "దొంగ తలుపు కొంచెము తెఱచి, ఎవరది యని యడిగెను" అని వ్రాసెను. ఆ కాగితము మావద్ద భద్రముగా నున్నది.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలు ఆటలో నున్నపుడు దూరమునుండి కేకలు వేయుటకంటె, ఒకసారి ప్రక్కను కూర్చుండి "నీ పాత్ర పేరేమి? దానికేమి కావలెను?" అని యడుగుడు. గడియారమును చూచుట తప్పక చేయుడు. కాని మొదట కథను వినుడు.

విద్యార్థులారా! వేఱొకని చెప్పులలో కొంతదూరము నడచి వచ్చుటయే పాత్రధారణము. నడచి వచ్చిన పిమ్మట చెప్పులు విడిచి, మీ స్నేహితుని ప్రక్కను మరల కూర్చుండగలిగితిరేని, ఆటను బాగుగ నాడితిరని మేము నిశ్చయముగ చెప్పుదుము.